టచ్ ఫోను వెల, దాని ఆయువు

నందికొట్కూరు ప్రాంతపు రైతు ఎద్దును కొనునపుడు పండ్లు చూడక బేరమునకు దిగడు. ఎన్నియేండ్లు కాడి మోయగలదో తెలిసినగాని వెల సరసమో కాదో తేలదని అతడెఱుగును. ఆ రైతే అంగడికి పోయి టచ్ ఫోను కొనునపుడు వెల యొక్కటే యడుగగలుగుచున్నాడు. అది ఎంతకాలము సురక్షితముగ పనిచేయునో చెప్పువారు లేరు. ఈ లోపము చిన్నది కాదని మా యభిప్రాయము.

మన సీమతో సంబంధముగల యుదాహరణమునే తీసికొందము. 2021 నవంబరు 4వ తేదీన, దీపావళినాడు, జియో కంపెనీ గూగులుతో కలిసి జియోఫోన్ నెక్స్ట్ అను టచ్ ఫోనును విక్రయమునకు పెట్టెను. తిరుపతియందును, తమిళనాటి శ్రీపెరుంబుదూరునందును గల నియోలింక్ కర్మాగారములలో అది కూర్పబడినది. 5.45 అంగుళముల తెర, 2 జీబీ ర్యాము, 13 మెగాపిక్సెల్ కెమెరా, 3500 ఎంఏహెచ్ బ్యాటరీ దాని యంగములు. తెరమీది వ్రాతను చదివి వినిపించు సాధనమును, ఆ వ్రాతను 10 భారతీయభాషలలోనికి మార్చు సాధనమును అందు గలవు. అక్షరములు కూడబలుకుకొను వారికి ఇవి నిజముగ నుపకారములే. వెల 6,499 రూపాయలు. అంత యొక్కసారి ఇచ్చుకొనలేనివారు 1,999 రూపాయలును, 501 రూపాయల రుసుమును ముందు చెల్లించి, తక్కినది 18 లేక 24 నెలల కంతులతో తీర్చునట్లు ఏర్పాటు చేసిరి. రెండు సిమ్ములకు తావున్నను ఇంటర్నెట్టు మాత్రము జియో సిమ్ముతోనే నడచునట్లు కట్టడి యుండెను. బీదవారి చేతికి టచ్ ఫోను నందింపజూచిన యత్నమును మేము తక్కువచేయము.

అయితే ఫోనునకు ప్రాణము దాని సాఫ్ట్‌వేరు. అందలి లొసుగులు నెలనెల బయటపడుచుండును. వానిని పూడ్చు దిద్దుబాటునకే అప్‌డేటు అని పేరు. జియోఫోన్ నెక్స్ట్‌నకు ఆధారమైన ప్రగతి ఓయస్, గూగులువారి ఆండ్రాయిడు 11వ సంపుటినుండి పుట్టినది. అప్‌డేటులు తమంతట తామే వచ్చునని ఆనాటి ప్రకటనలో చెప్పిరి. ఎన్ని సంవత్సరములన్న అంకె అందు లేదు. 2024 ఫిబ్రవరి గడచిన పిమ్మట గూగులు తన నెలవారీ రక్షణ ప్రకటనలనుండి ఆండ్రాయిడు 11ను తొలగించెను. ఊట యెండిన పిదప కాలువకు నీరు వేఱొక చోటినుండి తేవలసినదే కదా! ఆపైని దిద్దుబాట్లు అందవలెనన్న కంపెనీయే స్వయముగ పూనుకొనవలెను.

ఇప్పుడు లెక్క చూడుడు. మొదటిదినముననే 24 నెలల కంతులపై కొన్నవాని ఋణము 2023 నవంబరునకు తీరినది. నాలుగు నెలలైన తిరుగకమునుపే మూలమందు దిద్దుబాట్లు నిలిచినవి. ఆఱునెలలు తాళి, 2022 మే నెలలో కొన్నవానికి ఋణమింకను మిగిలియుండగనే నిలిచినవి. వస్తువు రక్షణ ముగిసెను, అప్పు ముగియలేదు. ఇట్టి బేరమును తెలిసి చేసికొన్నచో అది వాని యిష్టము. తెలియనీయక చేయించుట న్యాయము కాదు.

అప్‌డేటు యొక్క విలువ యెంతటిదో పూర్వచరిత్రయే చెప్పుచున్నది. ఆండ్రాయిడుతో నడచిన తొలిఫోనును 2008 అక్టోబరులో అమెరికాయందు విక్రయించినది టీ-మొబైల్ అను టెలిఫోను కంపెనీయే. జీ1 అను ఆ ఫోనులో టైపు చేయవలెనన్న తెరను ప్రక్కకు జరిపి మీటలను బయటికి తీయవలసియుండెను. 2009లో వచ్చిన అప్‌డేటుతో మీటలు తెరమీదనే ప్రత్యక్షమైనవి. వీడియో తీయు శక్తియు కలిగినది. కొన్ననాడు లేని గుణములు రూపాయి ఖర్చు లేక పిదప లభించినవి. 1.6 సంపుటితో ఆ ప్రవాహము ఆగినది. ఆండ్రాయిడు 2 వచ్చినను జీ1 వెనుకబడిపోయినది. ఇచ్చు చేతిదే ఆపు అధికారము కూడ అని ఆనాడే తేలినది.

ఇది పట్టణవాసుల వినోదమునకు సంబంధించిన విషయమని కొట్టివేయువారు నేటి గ్రామస్థితి నెఱుగనివారు. 2025 జనవరి 30వ తేదీన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము మనమిత్ర పేర 161 సేవలను వాట్సాప్ ద్వారా ప్రారంభించెను. వ్యవసాయకూలికి బ్యాంకు, రైతునకు కచేరి, విద్యార్థికి పరీక్షాఫలితము అన్నియు ఆ చిన్నతెరమీదికే చేరుచున్నవి. వానచాలని సీమలో కష్టించి కూడబెట్టిన నాలుగు రూపాయలు రక్షణలేని ఫోనులోని లొసుగుగుండ పోయినచో ఎవరు బాధ్యులు?

అన్యదేశములు ఊరకుండలేదు. రక్షణ దిద్దుబాట్లు కనీసము ఎంతకాలము ఇత్తురో ప్రకటింపవలెనని బ్రిటను 2024 ఏప్రిల్ 29 నుండి విధించెను. విక్రయమునకు పంపుట మానిన నాటినుండి 5 సంవత్సరములవరకు అప్‌డేటులు ఉచితముగ నుండవలెనను నియమము ఐరోపా సమాఖ్యలో 2025 జూన్ 20 నుండి అమలులోనికి వచ్చినది. మన కేంద్ర వినియోగదారుల శాఖ నియమించిన సంఘము 2025 మే నెలలో సమర్పించిన నివేదికయందు, వస్తువుల మరమ్మతు యోగ్యతను కొలుచు అంశములలో సాఫ్ట్‌వేరు అప్‌డేటులను గూడ చేర్చినది. ఇది సరియైన త్రోవ. కాని సిఫారసు శాసనము కాదు.

చవుక ఫోనునకు దీర్ఘాయువు కోరుట అన్యాయమని కంపెనీలు వాదింపవచ్చును. ఆ వాదమున కొంత సత్యము లేకపోలేదు. మేము కోరునది చిరంజీవిత్వము కాదు, సత్యకథనము. అప్‌డేటులు నిలుచు తేదీని వెలప్రక్కనే, తెలుగున, పెట్టెపై ముద్రింపవలెను. కంతులపై అమ్మినచో తుదికంతు చెల్లువఱకైన రక్షణ నియ్యవలెను. అప్పు తీరిననాడు సిమ్ము కట్టడియు తొలగవలెను. ఈ మూడింటిని శాసనబద్ధము చేయుటకు ప్రభుత్వము జాగు సేయరాదు. అంతవఱకు కొనువారు వెలతోపాటు ఈ తేదీని గూడ అంగడివానిని నిలదీసి యడుగుట తమ హక్కుగ నెంచవలెను.