తేయాకు మంచిచెడ్డలు గిన్నెలోనే తేలవలెను

పండించినవాడు తన సరుకు రుచి నెరుగకపోవుట, రుచి నెరిగిన వర్తకుడు చెప్పిన ధరకు దానిని అమ్ముకొనుట అనేక పంటల విషయమున కనిపించు లోపము. తేయాకు విషయమున ఈ లోపము వలన కలుగు నష్టము మరింత ఎక్కువ. ఏలన, తేయాకు తోటలో సగమే తయారగును. తక్కిన సగము కోత తరువాత రైతు చేతిలో తయారగును. ఆ చేతిపని బాగుగా కుదిరినదో లేదో నోటికి తప్ప కంటికి తెలియదు.

చైనా దేశమున ఫుజియన్ రాష్ట్రములోని ఆన్‌షీ జిల్లాలో తయారగు తియెగ్వాన్‌యిన్ అను ఊలాంగ్ తేయాకు ఇందుకు చక్కని నిదర్శనము. ఈ ఆకును ఎట్లు తయారు చేయుదురు, ఎట్లు కాచి పరీక్షింపవలెను, ఎట్లు కాచి త్రాగవలెను అను విషయములను తెలుపుచు, దీనినుండి రైతు నేర్వదగిన సంగతి నొకదానిని పాఠకుల ముందుంచుచున్నాను. ఆకు రంగును చూచి వెల కట్టు అలవాటు రైతుకును, త్రాగువానికిని కూడ చేటు చేయుననియు, తేలికరకపు తేయాకునైనను సలసల మరగిన నీటితోనే పరీక్షింపవలెననియు నా అభిప్రాయము.

ఊలాంగ్ అనగా నేమి?

పచ్చ తేయాకు, నల్ల తేయాకు, ఊలాంగ్ అనునవి వేర్వేరు మొక్కలనుండి వచ్చునవి కావు. అన్నియు కెమీలియా సైనెన్సిస్ అను ఒకే మొక్క ఆకులు. కోసిన ఆకు నలిగినప్పుడు దానిలోని రసము గాలి తగిలి ఎర్రబారును. కోసిన వంకాయ నల్లబడుటయు ఇట్టి మార్పే. దీనినే ఆక్సీకరణము అందురు. ఈ మార్పును పూర్తిగా జరుగనిచ్చినచో నల్ల తేయాకు అగును. మన ఇండ్లలో పాలు, పంచదార చేర్చి కాచుకొను టీ పొడి ఈ జాతిలోనిదే. కోసిన వెంటనే వేడి తగిలించి ఈ మార్పును ఆపివేసినచో పచ్చ తేయాకు అగును. నడుమ ఒకచోట ఆపినది ఊలాంగ్.

నడుమ అనినంత మాత్రమున సరిగా సగము అని అర్థము కాదు. ఫుజియన్ ఉత్తర భాగమునందలి వూయీ కొండల ఊలాంగులలో ఆక్సీకరణము ఎక్కువ, బొగ్గుసెగ కూడ ఎక్కువ. వాని కషాయము ముదురు రంగున నుండును. దక్షిణముననున్న ఆన్‌షీలో నేడు విరివిగా తయారగునది తేలికరకము. దాని కషాయము లేత పసుపుగా, కొంచెము ఆకుపచ్చ జాడతో నుండును. దీనిలో పాలుగాని పంచదారగాని కలుపరాదు. కలిపినచో సువాసన అణగిపోవును.

తియెగ్వాన్‌యిన్ అనగా ‘ఇనుప గ్వాన్‌యిన్’ అని అర్థము. మన బౌద్ధ గ్రంథములలోని అవలోకితేశ్వరునే చైనావారు గ్వాన్‌యిన్ అను కరుణామూర్తిగా, స్త్రీరూపమున కొలుతురు. 18వ శతాబ్దపు పూర్వార్ధమున ఆన్‌షీలోని షీపింగ్ ప్రాంతమున ఈ మొక్క బయటపడినదని అచ్చటి గాథలు చెప్పుచున్నవి. 2022లో ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ ఆన్‌షీ తియెగ్వాన్‌యిన్ సాగు పద్ధతిని ప్రపంచ ప్రాముఖ్యము గల వ్యవసాయ వారసత్వముగా గుర్తించినది.

రాత్రంతయు సాగు పని

ఈ తేయాకుకు లేత మొగ్గలు పనికిరావు. చిగురు పెరుగుట ఆగి, కొన ఆకు విచ్చుకొన్న తరువాత, రెండు మొదలు నాలుగు ఆకులున్న రెమ్మను కోయుదురు. వసంతపు కోత, శరత్కాలపు కోత మేలైనవి. వసంతపు ఆకుకు కషాయపు నిండుదనము, శరత్కాలపు ఆకుకు సువాసన ఎక్కువ అని అచ్చటివారు చెప్పుదురు. వేసవి కోతకు వగరు, చేదు ఎక్కువ కనుక వెల తక్కువ. ఆకాశము తేటగా నుండి, మంచు ఆరిన తరువాత కోసిన ఆకు శ్రేష్ఠము.

కోసిన ఆకును కొంతసేపు పలుచని ఎండలో వాడబెట్టుదురు. పిదప వెదురు పీపాలో పోసి త్రిప్పుదురు. త్రిప్పినప్పుడు ఆకులు ఒకదాని నొకటి రాచుకొని అంచులు మాత్రము నలుగును. తరువాత చేటలలో పలుచగా పరచి విశ్రాంతి నిత్తురు. మరల త్రిప్పుదురు, మరల పరచుదురు. ఈ విధముగా మూడు నాలుగు తడవలు జరుగును. ఈ సమయమున కాడలోని తేమ ఆకు కొనలకు ప్రాకును. నలిగిన అంచు మెల్లగా ఎర్రబారును. ఈ నలుగుడు వలన ఆకులో ఇండోల్, నెరోలిడాల్ మున్నగు పరిమళ ద్రవ్యములు పెరుగునని శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. ఈ తేయాకులో పూల వాసన వచ్చునన్నచో అది పైనుండి చేర్చినది కాదు. ఆకు గాయపడి తానే పుట్టించినది.

ఇందులోని కష్టమంతయు వేళ నెరుగుటయందే కలదు. మొదట పచ్చిగడ్డి వాసన వచ్చును. అది క్రమముగా పోయి పూల వాసన పైకి వచ్చును. ఆ క్షణమున ఆకును వేడి పెనములో వేసి మార్పును ఆపవలెను. ముందుగా ఆపినచో పచ్చివాసన మిగులును. ఆలసించినచో పులుపు తగులును. ఆ వేళ నెరుగుటకై తయారీదారు రాత్రివేళ నిద్ర మాని ఆకును వాసన చూచుచుండును. తరువాత ఆకును గుడ్డలో మూటగట్టి నలుపుట, విప్పుట, వేడి చేయుట పలుమారులు జరిపినచో అది గట్టి గుండ్లుగా చుట్టుకొనును. చివరకు ఆరబెట్టుదురు. పాత పద్ధతిలో దీనిపై బొగ్గుసెగ కూడ చూపుదురు.

పచ్చదనము వెంట పరుగు

1990ల దశకము చివరినుండి బజారులో తేలికరకమునకు గిరాకి హెచ్చినది. ఆకు మరకత మణివలె పచ్చగా నుండవలెనని, కషాయము తేటగా నుండవలెనని కొనువారు కోరసాగిరి. రైతులు చల్లని గాలియంత్రములు అమర్చిన గదులలో ఆకును పరచి, త్రిప్పుడు తగ్గించిరి. కొందరు వేడి తగిలించు వేళను మరునాటి మధ్యాహ్నమువరకు, సాయంకాలమువరకు కూడ జరిపిరి. ఎర్రబారిన అంచులు కషాయమునకు రంగు తెచ్చునని వానిని విరుగగొట్టి జల్లించి తీసివేయు అలవాటు కూడ వచ్చినది. మూటగట్టి నలుపు పనికి బదులు ఆకును దిమ్మెగా అదుము యంత్రములు వచ్చినవి. వీనివలన శ్రమ తగ్గినను ఆకు విరిగిపోవుచుండెను.

చల్లని గదుల వలన లాభము లేకపోలేదు. మబ్బు పట్టిన దినమునను, ఉక్క పోసిన రాత్రియు పంట పాడుగాకుండ కాపాడుకొను వీలు రైతుకు కలిగినది. తేలికరకమంతయు చెడ్డదని నేననుట లేదు. చక్కగా కుదిరిన తేలికరకమునకు తగిన పూల వాసన గల తేయాకులు చాల అరుదు. కాని తేలికగా ఆక్సీకరణము చేయుట వేరు, పనిని సగములో వదలుట వేరు. ఈ రెండును చూపునకు ఒకే పచ్చగా నుండును. అందువలననే రంగునకు వెల కట్టిన బజారు, తెలియకయే, సగము పనికి పూర్తి కూలి నిచ్చినది.

దాని ఫలితము త్రాగువారికి మొదట తెలిసినది. సగము పని జరిగిన ఆకు మొదటి కప్పులో ఘుమఘుమలాడి మూడవ కప్పుకు చప్పబడును. కొందరికి కడుపులో మంట తోచును. గాలి తీసిన సుమారు 7 గ్రాముల పొట్లములలో కట్టి చలిపెట్టెలో దాచకపోయినచో కొద్ది నెలలకే వాసన పోవును. బొగ్గుసెగ చూపిన పాత రకమైనచో పొడిచోట ఏండ్ల తరబడి నిలువ యుండును. నిలువ యుండని సరుకు గల రైతు బేరమాడలేడు. వర్తకుడు చెప్పిన దినమున, చెప్పిన ధరకు అమ్మవలసినదే. పచ్చదనము వెంట పోయి రైతు పోగొట్టుకొన్నది ఈ బేరమాడు శక్తినే.

పరీక్షించు విధము

ఈ మోసము నుండి కాపాడు సాధనము చాల చౌక. పింగాణి మూతగిన్నె ఒకటి, చిన్న త్రాసు ఒకటి, గడియారము ఒకటి ఉన్న చాలును.

ఊలాంగ్ పరీక్షకు చైనా జాతీయ ప్రమాణములలో చెప్పిన పద్ధతి యిది. 110 మిల్లీలీటర్ల మూతగిన్నెలో 5 గ్రాముల ఆకు వేసి, సలసల మరగు నీరు నిండుగా పోసి మూత పెట్టవలెను. మొదటి తడవ 2 నిమిషములు, రెండవ తడవ 3 నిమిషములు, మూడవ తడవ 5 నిమిషములు ఉంచి వంచవలెను. ప్రతి తడవయు వంచుటకు ముందు మూత నెత్తి, దాని లోపలి వైపున పట్టిన ఆవిరిని వాసన చూడవలెను. మొదటి తడవ వాసన శుద్ధముగా నున్నదా, దోషమేమైన కలదా అని చూడవలెను. రెండవ తడవ వాసన, రుచి ఎట్టివో నిర్ణయింపవలెను. మూడవ తడవ అవి ఎంత నిలిచినవో చూడవలెను. చివరకు తడిసిన ఆకును తెల్లని పళ్లెములో నీటిపై విప్పి చూడవలెను.

పచ్చిగడ్డి వాసన తోచినచో వాడబెట్టుటయో, త్రిప్పుటయో చాలలేదని తెలిసికొనవలెను. పులుపు వాసన వచ్చినచో వేడి తగిలించుటలో ఆలస్యము జరిగినది. చేదు నాలుకపై నిలిచిపోయినచో కాడలోని తేమ సరిగా ప్రాకలేదనియో, వేసవి ఆకు అనియో అనుమానింపవలెను. విప్పిన ఆకు మందముగా, పట్టువలె మెరయుచు, అంచున కొంచెము ఎరుపుతో నున్నచో పని సక్రమముగా జరిగినదని చెప్పవచ్చును. అంచులు చిరిగి యున్నచో ఎరుపును విరుగగొట్టినారని గ్రహింపవచ్చును.

తేలికరకమునకు మరగిన నీరు పనికిరాదనియు, కొంత చల్లార్చి పోయవలెననియు కొందరు చెప్పుదురు. లేత మొగ్గలతో చేసిన పచ్చ తేయాకు విషయమున ఈ మాట నిజము. గుండ్లుగా చుట్టిన ముదురాకు విషయమున ఇది సరికాదు. చల్లని నీటిలో గుండు విచ్చుకొనదు, వాసన లేవదు. అంతకంటె ముఖ్యముగా, చల్లార్చిన నీరు దోషములను దాచును. మరగిన నీటిలో బయటపడిన చేదు ఆకుదే కాని నీటిది కాదు.

త్రాగుటకు కాచు విధము

పరీక్ష కషాయము దోషములను బయటపెట్టుటకే గాని సుఖముగా త్రాగుటకు కాదు. త్రాగుటకు అదే మూతగిన్నెలో 7 గ్రాముల ఆకు వేయవలెను. గిన్నెను ముందు వేడినీటితో కడిగి వెచ్చజేయవలెను. మొదట పోసిన నీటిని వెంటనే పారబోసినచో గుండ్లు మెత్తబడును. తరువాత మరగిన నీరు పోసి 15, 20 సెకనులలో పూర్తిగా వంచివేయవలెను. ఆకుపై నీరు నిలువ ఉంచరాదు. మూడవ తడవనుండి ఒక్కొక్కసారి పదేసి సెకనులు పెంచుచు పోవచ్చును. మంచి ఆకు ఆరేడు తడవలు రుచి నిచ్చును. మూతగిన్నె లేనివారు గాజు పాత్రలో 200 మిల్లీలీటర్ల నీటికి 3 గ్రాముల ఆకు వేసి, మూడు నిమిషములు మూతపెట్టి వడకట్టుకొనవచ్చును. సున్నము ఎక్కువగా గల బోరు నీరు వాసనను అణచివేయును కావున మెత్తని నీరు వాడుట మంచిది.

రైతే మొదటి పరీక్షకుడు కావలెను

‘రుచి చూచుట వర్తకుని పని, పండించుట రైతు పని, గిరాకి దేనికున్న దానినే రైతు తయారు చేయవలెను గదా’ అని కొందరు వాదింపవచ్చును. గిరాకిని కాదని రైతు బ్రతుకలేడు, నిజమే. కాని గిరాకి మారునప్పుడు వర్తకుడు మరొక సరుకునకు మరలును. రైతుకు తోట అక్కడనే యుండును. కనుక తన సరుకు గుణమును తాను ఎరిగియుండుట రైతుకే ఎక్కువ అవసరము.

ప్రతి తయారీకి కోసిన దినము, వాతావరణము, త్రిప్పిన తడవలు, వేడి తగిలించిన వేళ ఒక పుస్తకమున వ్రాసికొనవలెను. మరునాడొకసారి, నెలకొకసారి, ఆరు నెలలకొకసారి అదే తూకముతో, అదే గిన్నెతో కాచి చూడవలెను. ఇరుగుపొరుగు రైతులు కలిసి పేర్లు చెప్పకుండ ఒకరి ఆకు నొకరు రుచి చూచిన మరియు మంచిది. ఒక్క ఏడాదిలోనే ఏ పనికి ఏ రుచి వచ్చినదో తేటపడును.

ఈ మాట తేయాకుకే పరిమితము కాదు. మన అరకు లోయ అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ కాఫీ గింజ గుణము కూడ కోత తరువాతి పులియబెట్టుట, ఆరబెట్టుటలపై చాలవరకు ఆధారపడియున్నది, దాని మంచిచెడ్డలను తేల్చునదియు కప్పే. పరీక్షాశాలలో ఆ కప్పుకు వచ్చిన తీర్పు గిరిజన రైతు గడపకు చేరవలెను. వీలైనచో ఆ కప్పే అతని చేతికి రావలెను. విస్తరణ సిబ్బంది మొక్కలు, ఎరువులు పంచుటతో తమ పని తీరినదని తలంపక, పండించినవానికి రుచి చూచుట నేర్పుటయు తమ పనిగా భావింపవలెను.