కప్పు ఫిజీది, గల్లాపెట్టె ఎవరిది?

2025 సెప్టెంబర్‌లో అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీ దగ్గర పసిఫిక్ నేషన్స్ కప్ రగ్బీ ఫైనల్ జరిగింది. ఫిజీ 33-27తో జపాన్‌ను ఓడించి కప్పు ఎత్తుకుంది. అంతకుముందు ఏడాది ఒసాకా ఫైనల్లో కూడా ఇదే జపాన్‌పై 41-17తో గెలిచింది.

రగ్బీ మన దగ్గర పెద్దగా ఎవరూ ఆడరు. కోడిగుడ్డు ఆకారపు బంతి, జట్టుకు 15 మంది. బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తి, అవతలివాళ్ల గీత దాటి నేలకు ఆనించాలి. ఆట సంగతి అలా ఉంచితే, ఈ టోర్నీ వెనకున్న డబ్బు లెక్క మాత్రం గుంటూరు మిర్చి యార్డు చూసినవాళ్లకు ఇట్టే అర్థమవుతుంది.

2006లో మొదలైన ఈ టోర్నీకి ఆయువుపట్టు ఫిజీ, సమోవా, టోంగా. జనాభా లెక్కల ప్రకారం ఫిజీలో 8.85 లక్షల మంది, సమోవాలో 2 లక్షల పైచిలుకు, టోంగాలో లక్ష మంది. మూడూ కలిపినా మన గుంటూరు జిల్లా జనాభాకు సరిరావు. 2024లో టోర్నీని కొత్తగా తీర్చిదిద్ది, ఈ మూడింటితో పాటు జపాన్, అమెరికా, కెనడాలతో నడిపారు. గ్రూపు మ్యాచ్‌లు కొన్ని ద్వీపాల్లోనే జరుగుతాయి. సెమీఫైనల్స్, ఫైనల్ మాత్రం ఒక ఏడాది జపాన్‌లో, ఒక ఏడాది అమెరికాలో. పెద్ద స్టేడియాలు, టీవీ మార్కెట్, స్పాన్సర్లు అక్కడే ఉన్నారు కాబట్టి!

ఆటగాళ్ల సంగతీ అంతే. ద్వీపాల కుర్రాళ్లు న్యూజిలాండ్, ఆస్ట్రేలియా, ఫ్రాన్స్, ఇంగ్లండ్ క్లబ్బులకు వెళ్లిపోతారు. వాళ్లు పంపే డబ్బుతో ఇళ్లు నడుస్తాయి. గల్ఫ్ నుంచి వచ్చే డబ్బుతో బతికే కుటుంబాలకు ఇది కొత్తగా చెప్పనక్కర్లేదు. టోంగా జీడీపీలో మూడో వంతుకు మించి ఇలా బయటినుంచి వచ్చే సొమ్మే. కానీ ఇంటికి డబ్బు రావడం వేరు, ఆటలో వాటా దక్కడం వేరు. 2017లో లండన్‌లో సమోవా ఇంగ్లండ్‌తో ఆడింది. ఆ మ్యాచ్‌కు ఇంగ్లండ్ ఆటగాడికి సుమారు 22 వేల పౌండ్లు, సమోవా ఆటగాడికి 650 పౌండ్లు అని అప్పట్లో వార్తలొచ్చాయి. ఆ మ్యాచ్‌కు ముందే సమోవా ప్రధాని తమ రగ్బీ సంఘం దివాలా తీసిందని ప్రకటించారు. గేటు డబ్బు ఆతిథ్య దేశానిదే అన్నది పాత ఆనవాయితీ. ఇంగ్లండ్ ఆటగాళ్లు తలా కొంత విరాళం ఇచ్చారు. మంచి మనసే, కాదనలేం. అయితే విరాళం దయతో ఇచ్చేది, వాటా హక్కుగా వచ్చేది.

ఈ తేడా ఏమిటో ఫిజీకి వెళ్లిన మనవాళ్లే ఒకసారి చూపించారు. 1879 నుంచి 1916 వరకు గిర్మిట్ ఒప్పందం మీద 60 వేలకు పైగా భారతీయులను ఫిజీ చెరకు తోటలకు తీసుకెళ్లారు. 1903 నుంచి మద్రాసు రేవు మీదుగా వెళ్లిన దాదాపు 15 వేల మందిలో తెలుగువాళ్లున్నారు, ముస్లింలూ ఉన్నారు. చెరకు పండించింది వీళ్లు, లాభం మాత్రం సిడ్నీలోని సీఎస్ఆర్ కంపెనీకి. దశాబ్దాల పోరాటం తర్వాత, 1970లో బ్రిటిష్ న్యాయమూర్తి లార్డ్ డెన్నింగ్ చక్కెర రాబడిలో 65 శాతం రైతులకే చెందాలని తీర్పిచ్చారు. ఆ లెక్క తనకు గిట్టుబాటు కాదని కంపెనీ 1973లో ఫిజీ వదిలిపోయింది. మిల్లులు ప్రభుత్వం చేతికొచ్చాయి.

మన మిర్చి రైతుకు అలాంటి వాటా ఇంతవరకూ లేదు. 2025 సీజన్‌లో ధర పడిపోతే కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాకు రూ.11,781 ఖరారు చేసింది. ఆపదలో అది ఆసరాయే. కానీ టిక్కీ యార్డు దాటాక కారంగా, ఎగుమతి సరుకుగా మారి సంపాదించే దానిలో రైతుకు వచ్చేదేమీ లేదు.

మరి ఫిజీ రగ్బీ ఎలా నిలబడింది? 2022లో ఫిజియన్ డ్రువా అనే సొంత క్లబ్బు ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ జట్లు ఆడే సూపర్ రగ్బీలోకి వెళ్లింది. సువాలో, చెరకు మిల్లు ఊరైన లౌటోకాలో సొంత జనం ముందు ఆడుతోంది. కుర్రాడు దేశం దాటకుండానే జీతం తీసుకునే దారి దొరికింది. మరుసటి ఏడాదే ఫిజీ ట్వికెన్‌హామ్‌లో ఇంగ్లండ్‌ను 30-22తో, ప్రపంచకప్‌లో ఆస్ట్రేలియాను 22-15తో ఓడించి క్వార్టర్ ఫైనల్‌కు చేరింది.

ఇంతా చేసి, 2026 జులైలో పెద్ద దేశాలతో మొదలయ్యే నేషన్స్ చాంపియన్‌షిప్ షెడ్యూలులో ఫిజీ ‘సొంత’ మ్యాచ్‌లకు వేదికలు బ్రిటన్ నగరాల్లో పెట్టారు. డబ్బు ఎక్కువ వస్తుందన్న వాదనలో నిజం ఉండొచ్చు. కానీ సొంత ఊళ్లో మ్యాచ్ జరిగితే హోటలు, ఆటో, కూరగాయల బండి అన్నిటికీ నాలుగు రూపాయలు వస్తాయి. స్టేడియం బాగుపడుతుంది. చూసిన పిల్లాడు రేపు ఆటగాడవుతాడు.

పసిఫిక్ కప్‌కు ఇప్పుడు కావాల్సినవి రెండే. ఫైనల్ వంతుల్లో ఒకటి సువాకో, అపియాకో రావాలి. బయట ఆడిన మ్యాచ్ గేటు డబ్బులో వెళ్లిన జట్టుకు రాతపూర్వకంగా వాటా ఉండాలి. చెరకు రైతు 65 శాతం అడిగినప్పుడు కూడా అది కుదిరే పని కాదనే అన్నారు.