సాఫ్ట్‌వేర్ విద్య – వృత్తిధర్మం

వైద్యుని పొరపాటు రోగికి, ఇంజనీరు పొరపాటు వంతెన మీద నడిచేవారికి ప్రాణాపాయం తెస్తుందని అందరికీ తెలుసు. కంప్యూటరు ముందు కూర్చుని ప్రోగ్రాములు రాసేవారి పొరపాటు కూడా ప్రాణాలు తీయగలదన్న సంగతి చాలామంది ఎరుగరు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం అనగానే మనకు జీతం, విదేశీయానం స్ఫురిస్తాయి గాని బాధ్యత స్ఫురించదు. ఈ లోపం మన ఆలోచనలోనే గాక మన చదువులో కూడా ఉన్నది.

కెనడాలో తయారైన 'థెరాక్-25' అనే యంత్రం క్యాన్సర్ రోగులకు రేడియేషన్ చికిత్స అందించేది. 1985 – 1987 సంవత్సరాల మధ్య అమెరికా, కెనడా దేశాలలో కనీసం ఆరుగురు రోగులకు ఈ యంత్రం పరిమితికి ఎన్నో రెట్లు మించిన రేడియేషన్‌ను అందించింది. వారిలో కొందరు మరణించారు. యంత్రం నడిపేవారు పొరపాటున ఒక అక్షరానికి బదులు మరొక అక్షరం నొక్కి, వెంటనే సవరించుకుంటే, తెర మీద సవరణ కనిపించేది. లోపల మాత్రం ఆ మార్పు పూర్తిగా నమోదయ్యేది కాదు. తీవ్రమైన కిరణపుంజం అడ్డు లేకుండా రోగి శరీరాన్ని తాకేది. అప్పుడు తెర మీద 'మాల్‌ఫంక్షన్ 54' అన్న సందేశం వచ్చేది. దాని అర్థమేమిటో యంత్రంతో ఇచ్చిన పుస్తకంలో వివరించలేదు.

అంతకుముందు వచ్చిన నమూనాలో ఇటువంటి ప్రమాదాన్ని ఆపే యాంత్రిక రక్షణలు ఉండేవి. అందులోనూ ఇదే లోపం దాగి ఉన్నా, ఆ రక్షణల వల్ల బయటపడలేదు. కొత్త యంత్రంలో వాటిని తొలగించి, భారమంతా సాఫ్ట్‌వేర్ మీద మోపారు. ఆ సాఫ్ట్‌వేర్‌ను ప్రధానంగా ఒకే వ్యక్తి రాశాడు. దానిని విడిగా, క్షుణ్ణంగా పరీక్షించలేదు. ఫిర్యాదులు వచ్చినప్పుడు అంత మోతాదు వెలువడటం అసాధ్యమని తయారీదారులు తొలుత కొట్టిపారేశారు. ప్రోగ్రాములో తప్పు ఉండటం ఒక ఎత్తు. తప్పు ఉండదన్న ధీమా మరొక ఎత్తు. మొదటిదానిని ప్రోగ్రామింగు భాషలు నేర్పి కొంత తగ్గించవచ్చు. రెండవదానిని తొలగించగలిగేది వృత్తిశిక్షణ మాత్రమే.

'సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్' అన్న మాట 1968లో జర్మనీలోని గార్మిష్ పట్టణంలో జరిగిన సదస్సుతో ప్రచారంలోకి వచ్చింది. వంతెనలు కట్టే క్రమశిక్షణతో ప్రోగ్రాములు కూడా నిర్మించాలన్నదే ఆ మాటలోని ఆశయం. 1999లో రెండు అంతర్జాతీయ వృత్తిసంఘాలు కలిసి సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లకు ఒక నీతినియమావళిని ఆమోదించాయి. అందులోని ఎనిమిది సూత్రాలలో మొదటిది ప్రజాహితం. యజమాని ప్రయోజనం దాని తరువాతనే.

ఇక మన సంగతి చూద్దాం. హైదరాబాదులో 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత తెలుగునాట ఇంజనీరింగ్ చదువుకు గిరాకీ ఎంతగానో పెరిగింది. అమీర్‌పేట వీధులు శిక్షణ కేంద్రాల బోర్డులతో నిండిపోయాయి. వాటిని చిన్నచూపు చూడటం తగదు. పల్లెటూళ్ళ నుండి వచ్చిన ఎందరో పేద యువకులకు అవి బ్రతుకుతెరువు చూపించాయి. కాని కొద్ది వారాలలో నేర్చుకోగలిగేది ఒక భాషను, ఒక పనిముట్టును మాత్రమే. వృత్తి అంతకన్న పెద్దది.

కళాశాల ప్రయోగశాలలో విద్యార్థి ముప్పయి, నలభై పంక్తుల ప్రోగ్రాము రాసి, రికార్డు పుస్తకంలోకి ఎక్కించి మార్కులు పొందుతాడు. ఉద్యోగంలో అతనికి ఎదురయ్యేది ఎవరో ఎప్పుడో రాసిన లక్షల పంక్తుల ప్రోగ్రాము. దానిని చదివి అర్థం చేసుకోవాలి. ఒకచోట సవరిస్తే మరొకచోట ఏమి చెడుతుందో ఊహించాలి. తన పనిని తోటివారి చేత పరీక్ష చేయించుకోవాలి. వారు తప్పు చూపితే చిన్నబుచ్చుకోకుండా దిద్దుకోవాలి. వీటిలో ఏ ఒక్కటీ మూడు గంటల పరీక్షలో తేలేది కాదు.

మగ్గం ముందు కూర్చోనిదే నేత రాదు. వైద్యవిద్యార్థి ఒక సంవత్సరం ఆసుపత్రిలో పెద్దల పర్యవేక్షణలో పనిచేసిన తరువాతనే వైద్యుడవుతాడు. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయంలో 1957 నుండి ఇంజనీరింగ్ విద్యార్థులు కొంతకాలం తరగతిలోను, కొంతకాలం ఉద్యోగంలోను గడుపుతూ చదువు సాగిస్తున్నారు. మన దేశంలోనూ 2018 నాటి నమూనా పాఠ్యప్రణాళికలో అఖిల భారత సాంకేతిక విద్యామండలి ఇంటర్న్‌షిప్‌కు స్థానం కల్పించింది. అది ధ్రువపత్రం సంపాదించే తంతుగా మిగలకూడదు.

కొత్తగా చేరినవారికి సంస్థలే శిక్షణ ఇస్తాయి గదా, కళాశాలకు ఈ భారమెందుకని కొందరు అడుగుతారు. సంస్థ తన అవసరానికి తగినంత నేర్పుతుంది. అవసరమైతే ఆ సంస్థకే 'ఇది ఇంకా సిద్ధం కాలేదు' అని చెప్పగల ధైర్యం, వివేకం మాత్రం విద్య వల్లనే రావాలి. నేడు కృత్రిమ మేధ క్షణాలలో ప్రోగ్రాము రాసి ఇస్తున్నది. అందువల్ల రాయడం సులువైంది. రాసినది సరైనదో కాదో తేల్చే బాధ్యత మరింత పెరిగింది. యంత్రం సమాధానం ఇవ్వగలదు గాని జవాబుదారీ కాలేదు.

కెనడాలో ఇంజనీర్లు పట్టా పుచ్చుకునే వేళ తమ వృత్తిధర్మానికి కట్టుబడి ఉంటామని ప్రమాణం చేసి, చిటికెన వేలికి ఒక సాదా ఉంగరం ధరిస్తారు. 1925 నుండి ఈ ఆచారం సాగుతున్నది. పనిచేసే చేతికే దానిని ధరించడంలో ఒక అంతరార్థమున్నది: గీసే ప్రతి గీత వద్ద, రాసే ప్రతి అక్షరం వద్ద అది బాధ్యతను గుర్తుచేయాలి.

విద్యార్థులారా! రేపు మీలో ఎందరో ఈ వృత్తిలో ప్రవేశిస్తారు. మీ వేలికి ఆ ఉంగరం ఉండకపోవచ్చు. మీరు నొక్కే ప్రతి మీట వెనుక మీకు ముఖపరిచయం లేని ఒక రోగి గాని, ఒక ప్రయాణికుడు గాని ఉండవచ్చునన్న స్పృహ మాత్రం ఉండాలి. ఆ స్పృహను కలిగించే చదువే నిజమైన సాఫ్ట్‌వేర్ విద్య.