చెరువుకొక కాపలాదారు

పిల్లలూ! మా ఊరి పేరులోనే చెరువు ఉంది: మేళ్లచెరువు. మన పల్లెల్లో ఇళ్లకు కుళాయి నీళ్లు వచ్చినా, గొడ్లు చాలాచోట్ల చెరువులోనే తాగుతాయి. ఎండాకాలంలో నీటిమీద పచ్చని తెట్టు కడితే "నాచే కదా" అని ఊరుకుంటాం. ప్రతి తెట్టూ హాని చేయదు. కొన్ని మాత్రం ప్రాణం తీస్తాయి. ఆస్ట్రేలియాలోని అలెగ్జాండ్రినా సరస్సులో అటువంటి నీరు తాగి పశువులు చనిపోయాయని 1878లోనే జార్జి ఫ్రాన్సిస్ 'నేచర్' పత్రికలో రాశాడు.

ఈ తెట్టు కట్టేవి నీలి ఆకుపచ్చ బాక్టీరియాలు. వాటిలో కొన్ని తయారుచేసే విషం మైక్రోసిస్టిన్. ఏడు ఎమైనో ఆమ్లాలు ఉంగరంలా కలిసిన చిన్న పెప్టైడ్ ఇది. కాలేయాన్ని దెబ్బతీస్తుంది. నీళ్లు కాచినా పోదు. దీనిలో ఎల్‌ఆర్ అనే రకం తాగేనీటిలో లీటరుకు 1 మైక్రోగ్రాము మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. అంటే గ్రాములో పదిలక్షలవ వంతు! కంటికి, ముక్కుకు అందే లెక్క కాదు.

మరి దేనికి అందుతుంది? ట్రాన్సిస్టర్‌కు. ఫీల్డ్ ఎఫెక్ట్ ట్రాన్సిస్టర్‌లో గేటు దగ్గర విద్యుదావేశం కొద్దిగా మారినా దానిలో పారే కరెంటు మారుతుంది. 1970లో నెదర్లాండ్స్ శాస్త్రజ్ఞుడు బెర్గ్‌వెల్డ్ గేటు లోహాన్ని తీసివేసి, అక్కడ ద్రవం తగిలేటట్లు చేశాడు. ఆ చోట మైక్రోసిస్టిన్‌ను పట్టుకునే ప్రతిరక్షకాన్నో, డి.ఎన్.ఎ. పోగునో అతికిస్తే, విషం వచ్చి అంటుకున్నప్పుడు ఆవేశం మారుతుంది. ఆ మార్పును మీటరు చూపుతుంది. పట్టుకునేది ప్రతిరక్షకం, కబురు చెప్పేది ట్రాన్సిస్టర్ అన్నమాట.

ఇందులో రెండు చిక్కులున్నాయి. మైక్రోసిస్టిన్లలో 200కు పైగా రకాలున్నాయి. అన్నిటికీ ఉమ్మడిగా ఉండే భాగాన్ని పట్టుకునే సాధనం "విషం ఉంది" అంటుంది గాని, ఏ రకమో చెప్పలేదు. రెండవది, నీటిలో లవణాలు ఎక్కువైతే ఆవేశం గేటుదాకా అందకుండా మరుగుపడుతుంది. మాది సున్నపురాయి నేల. శుద్ధజలంలో చక్కగా పనిచేసిన సాధనం మా నీటిలో తడబడవచ్చు.

రకం తేల్చలేని సాధనం ఎందుకని కొందరు అడగవచ్చు. నేను ఒప్పుకోను. కాపలావాడు దొంగ పేరు చెప్పనక్కరలేదు, కేక వేస్తే చాలు. ఆ కేక విని ఆనాడే గొడ్లను మళ్లిస్తాం. సీసాలో నీరు పట్టి ప్రయోగశాలకు పంపితే, రకమేదో అక్కడి మాస్ స్పెక్ట్రోమీటరు తేలుస్తుంది. అయితే ఆ కాపలావాణ్ణి మన చెరువు నీటిలోనే పరీక్షించి తీరాలి. అది "లేదు" అన్నంత మాత్రాన తెట్టున్న నీటిలోకి దిగరాదు.

అటువంటి సాధనం చౌకగా మన ఊళ్లకు వచ్చేదాకా మీ కళ్లే కాపలా. తెట్టు కనబడితే ఈతకు దిగకండి, గొడ్లను దింపకండి, పెద్దలకు చెప్పండి. మీలో ఎవరైనా రేపు ఆ సాధనాన్ని తయారుచేస్తే అంతకన్నా కావలసిందేముంది!