మూరెడు పూలు



మన నల్లగొండ, పాలమూరు పల్లెలలో పెండ్లి కుదిరిన సంగతి ముందుగా ఇంటి గోడ చెబుతుంది. గోడకు సున్నము వేసి, జాజుతో పట్టీలు తీసి, తలుపు పక్కన తీగలు, పూలు గీస్తారు. దారిన పోయేవారు వాటిని చూచి, ఈ ఇంటికి చుట్టాలు రాబోతున్నారని గ్రహిస్తారు. బొమ్మలోని పువ్వుకు వాసన లేదు గాని, మనిషిని మనిషి దగ్గరకు పిలిచే గుణమున్నది.

మన తెలంగాణ చిత్రకారుడు తోట వైకుంఠం గారి బొమ్మలను మీలో కొందరు పత్రికలలో చూచి ఉంటారు. ఆయన 1942లో కరీంనగర్ ప్రాంతములోని బూరుగుపల్లిలో పుట్టారు. బరోడాలో కె.జి. సుబ్రహ్మణ్యన్ గారి వద్ద నేర్చుకున్నారు. అంత దూరము వెళ్లి చదివినా, ఆయన గీసినది మన పల్లె స్త్రీలనే. నల్లని ముఖము, పెద్ద బొట్టు, ఎర్రని చీర, కొప్పులో పూలు. ఈ బొమ్మలకు తన తల్లి ప్రేరణ అని ఆయన చెప్పారు. కొప్పులోని పూల వెనుక ఎన్నో చేతులుంటాయి. ఒకరు కోస్తారు, ఒకరు అల్లుతారు, ఒకరు వెనుక కూర్చుండి తురుముతారు. ఆ బొమ్మలు చూచినప్పుడు మాకు ఆ చేతులన్నీ గుర్తుకు వస్తాయి.

అయితే మన ఊళ్లలో ఆ పూలే కొందరిని వేరు చేస్తున్నవి. భర్త చనిపోతే స్త్రీ తలలోని పూలు తీసివేస్తారు. ఆ తరువాత పెండ్లి ఇంట మూర తెంచి పంచేటప్పుడు ఆమెను దాటిపోతారు. ఆమె ఎదురు వస్తే పక్కకు తప్పుకుంటారు. విచారమేమంటే, మన సంఘములలోని పెండ్లిండ్లలో సైతం విధవరాలు వెనుక చాపమీద ఒదిగి కూర్చుంటున్నది. పూలు పెట్టుకోవడము మానిన కుటుంబములు కూడా ఈ తప్పుకోవడము మానలేదు.

మన ప్రభువు నాయీను ఊరి గవిని దగ్గర ఒక విధవరాలికి ఎదురుపడ్డాడు. లూకా 7వ అధ్యాయము చదవండి. ఆయన తప్పుకోలేదు. ఆమెను చూచి కనికరపడ్డాడు, పాడెను ముట్టాడు, కుమారుని ఆమెకు అప్పగించాడు.

గనుక తల్లులారా, ఈసారి పెండ్లిలో పూల పళ్లెము మీ చేతికి వచ్చినప్పుడు మొదటి మూర ఆమెకు ఇవ్వండి. తలలో పెట్టుకోవడమో, చేత పట్టుకోవడమో, అది ఆమె ఇష్టము. అన్నలారా, గోడమీద పూలు గీయించిన దినముననే ఆమె ఇంటికి వెళ్లి, ముందు వరుసలో కూర్చోవాలని పిలవండి. గోడ అందరినీ పిలుస్తుండగా ఇంటివారు కొందరిని విడిచిపెట్టడము తగదు.

ప్రభువు మీ గృహములను దీవించును గాక.