రెండొందలు నిండాక అసలు ఆట

ఏజ్ ఆఫ్ ఎంపైర్స్-2లో మామూలు లిమిట్ 200. ఇల్లు కట్టడానికి 25 కలప, దాంట్లో ఐదుగురికి చోటు. ఇల్లు లేటైందా, టౌన్ సెంటర్ పని ఆగినట్టే! ఇది అందరికీ తెలిసిందే.

తిరకాసంతా 200 నిండాకే. యుద్ధపు ఏనుగుదీ, కట్టెలు కొట్టే విలేజర్‌దీ ఒక్క సీటే. నేనైతే విలేజర్లను 120 దాటనివ్వను. ఎక్కువైతే, పాపం, డిలీట్.

గోదావరిఖని పోరగాళ్లకు షిఫ్టుల లెక్క చెప్పాలా? ఫస్ట్ షిఫ్ట్ పైకొచ్చేసరికి సెకండ్ షిఫ్ట్ రెడీ. ఇక్కడా అంతే. నైట్ ఒక్కడు తయారవడానికి 30 సెకన్లు. 40 మంది పోయారనుకోండి, రెండు గుర్రపుశాలలుంటే పది నిమిషాలు, పది ఉంటే రెండే నిమిషాలు. ఆ ఎనిమిది నిమిషాల తేడాలో మీ టౌన్ సెంటర్ ఉంటుందా? పోరుకు ముందే శాలలు కట్టి, క్యూ నింపి పెట్టండి.