ఆకుల పొగ కూడా పొగే



వేప, రావి ఆకులు రాలే రోజుల్లో మన ఉప్పుగూడ గల్లీల్లో పొద్దున్నే ఊడ్చిన కుప్పకు అగ్గిపుల్ల గీయడం మామూలైపోయింది. అడిగితే "ఆకులే కదమ్మా, ప్లాస్టిక్ కాదు కదా" అంటారు. ఈ మాట నేను ఒప్పుకోను.

ఆకులు తడిగా ఉన్నకొద్దీ మంట తక్కువ, పొగ ఎక్కువ. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. వెంట్రుక మందంలో ముప్పయ్యో వంతు కూడా లేని నుసి ఉంటుంది. దాన్ని ముక్కూ ఆపలేదు, అడ్డం పెట్టుకున్న చేతిరుమాలూ ఆపలేదు. చలి పొద్దుల్లో పొగ పైకి లేవక గల్లీలోనే నిలుస్తుంది. ఉబ్బసం ఉన్న పిల్లలకు, ఆయాసంతో ఉన్న పెద్దలకు, గర్భిణులకు అదే గాలి. అయినా పాల కవరు, గుట్కా ప్యాకెట్టు లేని ఆకుల కుప్ప మన దగ్గర ఎక్కడుంది?

కొందరు "ఎప్పుడు, ఎంత దూరంలో కాల్చవచ్చు?" అని అడుగుతారు. అమెరికాలో చాలా ఊళ్లలో అలాంటి నియమాలున్నాయి. ఇంటికి ఇన్ని అడుగుల దూరం, గాలి లేని రోజు, పక్కన నీళ్లు. మన గోడకూ పక్కింటి కిటికీకీ మధ్య అంత జాగా ఏది? ఇక్కడి నియమం ఒక్కటే, కాల్చకూడదు. 2016 డిసెంబరులో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆరుబయట చెత్త కాల్చడాన్ని దేశమంతటా నిషేధించింది. మామూలుగా కాలిస్తే 5,000, పెద్ద ఎత్తున కాలిస్తే 25,000 రూపాయలు కట్టాలని చెప్పింది.

జరిమానా కన్నా దారి చూపడం ముఖ్యమని నా అభిప్రాయం. ఊడ్చే అమ్మను తిట్టి లాభం లేదు. చెత్త ఆటో నిండిపోతే ఆమె ఆ ఆకులను ఎక్కడ పెట్టాలి? పాత బియ్యం సంచికి చిల్లులు పొడిచి, ఆకులు కుక్కి, పిడికెడు పేడో పుల్ల మజ్జిగో కలిపి తడిగా ఉంచండి. కొన్ని నెలల్లో ఎరువు అవుతుంది. నీళ్లు మాత్రం నిలవనివ్వకండి, దోమలు చేరతాయి. కుప్పలోకి చేయి పెట్టేముందు కర్రతో కదపండి, తేళ్లుంటాయి.

మంట దగ్గర నైలాన్ చీరకొంగుకు నిప్పంటుకుంటే ఆర్పి, కాలిన చోట ఇరవై నిమిషాలు కుళాయి నీళ్లు పోయండి. టూత్‌పేస్టు, సిరా పూయవద్దు. వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

మట్టల ఆదివారానికి ముందు మన యౌవనస్థులు చర్చి ఆవరణ ఊడ్చి, ఆ కుప్పకూ నిప్పు పెడుతున్నారు. ఈసారి ప్రహరీ పక్కన ఆకులకు ఒక గుంట తవ్వించమని సంఘ పెద్దలను అడుగుతున్నాను.